కన్నవారికి ఒక చిన్న కారు

పిల్లలు ఎదిగి సంపాదనపరులైన తరువాత తల్లిదండ్రుల అవసరాల జాబితాను తామే తయారు చేస్తారు. రక్తపోటు మందులు, కంటి పరీక్షలు, ఉమ్రా ప్రయాణం, ఇంట్లో ఒక ఏసీ, మంచి చెప్పులు ఆ జాబితాలో చోటు చేసుకుంటాయి. అన్నీ అవసరమైనవే, అన్నీ ప్రేమతో రాసుకున్నవే. అయితే ‘సరదా’ అనే మాట అందులో సాధారణంగా కనిపించదు. అరవై దాటిన వారికి సౌకర్యం చాలు, సంతోషం ప్రత్యేకంగా ఎందుకన్న భావన మనలో తెలియకుండానే పాతుకుపోయింది. తల్లిదండ్రుల పట్ల ఉత్తమంగా మెలగమన్న దైవాజ్ఞకు వారి కడుపు నింపడం, రోగం నయం చేయించడం మాత్రమే అర్థం కాదు. వారి మనసుకు నచ్చినదేమిటో తెలుసుకోవడం కూడా అందులో భాగమే.

ఈ మాట చెప్పడానికి మేము ఎంచుకున్న ఉదాహరణ పాత కారు. పెద్ద మొత్తం వెచ్చించకుండా, వడ్డీ అప్పు జోలికి పోకుండా, అమ్మ లేదా నాన్న స్వయంగా నడుపుకోగల, నడుపుతూ ఆనందించగల చిన్న కారును ఎలా ఎంచుకోవాలి? కండ్లకోయ పరిసరాల్లో నివసించే కుటుంబంగా మేము చూసినదాన్ని, విచారించి తెలుసుకున్నదాన్ని పాఠకులతో పంచుకుంటున్నాము.

మారిన ఊరు, మారిన దారులు

కండ్లకోయ ఒకప్పుడు మేడ్చల్ దారిలోని చిన్న గ్రామం. నేడు నాగపూర్ వైపు వెళ్లే 44వ జాతీయ రహదారి, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు కలిసే కూడలి. ఔటర్‌లో చివరగా పూర్తయిన భాగం కూడా కండ్లకోయ వద్దనే ఉంది. 2018లో అది తెరుచుకోవడంతో వలయం పూర్తయింది. దారులు విశాలమైనకొద్దీ చేరవలసిన చోట్లు దూరమయ్యాయి. రహదారి మీద సికింద్రాబాద్ బస్సు దొరుకుతుంది కాని, కొత్తగా వెలసిన కాలనీల లోపలికి రాదు. షామీర్‌పేటలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లాలన్నా, మేడ్చల్‌లో వైద్యుని చూడాలన్నా ఆటో మాట్లాడుకోవాలి, లేదా కొడుకు సెలవు కోసం ఎదురు చూడాలి. ఔటర్ ప్రధాన మార్గంలోకి ద్విచక్ర వాహనాలను అనుమతించరు. జాతీయ రహదారి మీద లారీల నడుమ స్కూటీ నడపడం పెద్దవారికి ప్రాణసంకటం.

ఇతరుల వీలు కోసం కూర్చుని ఎదురు చూడటం వృద్ధాప్యంలోని పెద్ద కష్టాల్లో ఒకటి. ‘నన్ను కాస్త అక్కడ దించుతావా?’ అని కన్నబిడ్డను అడగడానికి కూడా మొహమాటపడే తల్లులు ఎందరో ఉన్నారు. వారి చేతికి అందే తాళంచెవి వారికి స్వేచ్ఛను, దానితోపాటు గౌరవాన్ని ఇస్తుంది.

‘చవక’ అంటే ఏమిటి?

పాత కారు కొనేవారు తరచూ కొనుగోలు ధరనొక్కటే చూస్తారు. నిజమైన ఖర్చులో మరికొన్ని పద్దులు చేరుతాయి: యాజమాన్య బదిలీ రుసుము, ఇన్సూరెన్సు, నాలుగు టైర్లు, బ్యాటరీ, మొదటి సర్వీసు. చేతిలో మూడు లక్షలుంటే రెండున్నర లక్షల కారునే చూడాలని, మిగిలిన మొత్తాన్ని మొదటి ఏడాది మరమ్మతులకు విడిగా ఉంచాలని మేము నియమం పెట్టుకున్నాము. ఈ ఒక్క నియమం ఉంటే ‘ఇంకో ముప్పై వేలు కలిపితే పెద్ద బండి వస్తుంది’ అనే మధ్యవర్తి మాట మనల్ని కదిలించదు.

సరదా కోసం కొనే వస్తువుకు వడ్డీ అప్పు తీసుకోవడం మరీ తగని పని. కన్నవారి సంతోషానికి అధర్మమైన పునాది వేయకూడదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు తలా కొంత వేసుకోవచ్చు. ఒకరి దగ్గర తక్కువైతే మరొకరు వడ్డీ లేని చేబదులు ఇవ్వవచ్చు. అయితే దాన్ని కాగితం మీద రాసుకోవాలి. దివ్య ఖుర్ఆన్‌లో అత్యంత సుదీర్ఘమైన ఆయత్, అంటే అల్ బఖరా సూరాలోని 282వ ఆయత్, అప్పు లావాదేవీలను రాసుకోవడం గురించినదే. తోబుట్టువుల మధ్య రాతకోతలేమిటని సిగ్గుపడనక్కరలేదు. తోబుట్టువులుగా మిగలడానికే ఆ రాత.

పాతదనంలోనూ ఒక లెక్క ఉంది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 పేరు చెబితే మన పెద్దల ముఖాలు వెలుగుతాయి. ఎందరికో అదే మొదటి కారు. కాని 2010 ఏప్రిల్‌లో కాలుష్య ప్రమాణాలు మారినప్పుడు హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో కొత్త 800 అమ్మకం ఆగింది. 2014 జనవరిలో తయారీ కూడా ముగిసింది. కనుక నగరంలో కొత్తగా కొన్న 800 ఏదైనా పదిహేనేళ్లు దాటినదే. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల వరకే చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ చేయించి ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ పొడిగింపు రుసుము 5,000 రూపాయలు. 2025లో వచ్చిన మార్పుతో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు అది 10,000 అయింది. దీనికి గ్రీన్ ట్యాక్స్ అదనం. జ్ఞాపకం మీద మమకారంతో కొన్న కారు చవక కాకపోవచ్చు.

తయారీదారు మన దేశంలో ఉన్నదా లేదా అనేది కూడా చూడాలి. షెవర్లే కార్ల అమ్మకం 2017 చివరలో ఆగింది. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. డాట్సన్ 2022లో వెళ్లిపోయింది. ఇవి చెడ్డ కార్లు అని కాదు. ధర తక్కువగా ఉండటానికి అది కూడా ఒక కారణమని, విడిభాగాల కోసం తిరిగే ఓపిక మన తల్లిదండ్రులకు ఉండదని గుర్తుంచుకోవాలి.

‘సరదా’ ఎక్కడ ఉంటుంది?

నడపడంలోని ఆనందం వేగంలో ఉందని కుర్రకారు అనుకుంటారు. పెద్దలకు అది బండి మాట వినడంలో ఉంటుంది. తేలికైన శరీరం, చేతికి సులువుగా తిరిగే స్టీరింగు, వెన్నలా పడే గేరు, చుట్టూ స్పష్టంగా కనిపించే అద్దాలు, ఇరుకు సందులోనూ ఒక్క ప్రయత్నంలో వెనక్కి తిరగగల ఒడుపు, ఇవే చిన్న కారు సొగసులు. ఆల్టో 4.6 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతుంది. నానో అయితే నాలుగు మీటర్లలోనే తిరుగుతుంది. ఆల్టో కె10లోని 998 సీసీ ఇంజిను ఆ తేలికపాటి బండిని ఉత్సాహంగా లాగుతుంది. 2011 నుంచి 2019 వరకు అమ్మిన హోండా బ్రియోలో 1,198 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిను ఉంది. సాధారణంగా మూడు సిలిండర్ల చిన్న కార్లలో ఉండే వణుకు అందులో తక్కువ. 2018లో తిరిగి వచ్చిన శాంత్రో కూడా నాలుగు సిలిండర్లదే. ఎత్తుగా కూర్చోవాలనుకునే వారికి వ్యాగన్ ఆర్ అనువైనది. వంగకుండా ఎక్కి దిగవచ్చు.

మోకాలి నొప్పి ఉన్నవారికి క్లచ్ లేని ఏఎంటీ బండ్లు మేలు. మన దేశంలో చవక కార్లకు ఈ సౌకర్యాన్ని పరిచయం చేసింది 2014లో వచ్చిన సెలెరియో. అయితే పాత ఏఎంటీ కారు కొనేటప్పుడు ఎత్తుపల్లాల దారిలో, నత్తనడక రద్దీలో నడిపి చూడాలి. గేరు మారినప్పుడు కుదుపు ఎక్కువగా ఉంటే మెకానిక్ చూసేదాకా బయానా ఇవ్వకూడదు. ఆ మరమ్మతు మామూలు క్లచ్ ప్లేటు మార్చినంత చవకగా తేలదు.

సరదాకు, భద్రతకు మధ్య

ఇక్కడ నిజాయితీగా మాట్లాడుకోవలసిన విషయం ఒకటి ఉంది. తేలికగా, చవకగా, హుషారుగా ఉండే పాత చిన్న కారు ప్రమాదంలో బలహీనమైనది. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశపు చిన్న కార్లను గోడకు గుద్దించి పరీక్షించింది. ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో అయిదింటికీ పెద్దల భద్రతలో ఒక్క నక్షత్రమైనా రాలేదు. ఆ తరువాతే పరిస్థితి మారింది. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ బ్రేకులు, అదే ఏడాది జూలై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయ్యాయి. ముందు సీటులోని రెండో వ్యక్తికి కూడా ఎయిర్‌బ్యాగు 2022 నాటికి అన్ని కొత్త కార్లలోకి వచ్చింది. 2020లో పరీక్షించిన టాటా టియాగోకు నాలుగు నక్షత్రాలు లభించాయి.

కనుక 2019 జూలై తరువాత తయారైన కారు దొరికితే అదే ఉత్తమం. అంతకు ముందుదైతే పై వేరియంట్‌లో ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్నదాన్నే ఎంచుకోవాలి. ఒకే పేరు గల కారులో ఒక వేరియంట్‌లో ఇవి ఉంటాయి, మరో దానిలో ఉండవు. ‘అదే మోడల్’ అన్న మాటతో సరిపెట్టుకోకూడదు.

ఔటర్ మీద గరిష్ఠ వేగ పరిమితిని 2023లో గంటకు 120 కిలోమీటర్లకు పెంచారు. ఆ వేగాల మధ్య చిన్న కారులో అరవై ఏళ్ల తల్లి ఒంటరిగా వెళ్లవలసిన పని లేదు. ఔటర్ వెంబడి సర్వీసు రోడ్లు ఉన్నాయి. చిన్న కారు నడపడంలోని ఆనందం అక్కడే ఎక్కువ.

మా ఇంట జరిగిన చర్చ

మేము ముగ్గురం సంతానం. ఇద్దరం కండ్లకోయలో, ఒకరు దమ్మామ్‌లో. మా అమ్మీ పాఠశాల ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేశారు. చాలా ఏళ్లు స్కూటీ మీద బడికి వెళ్లారు. మా అబ్బా బతికున్న రోజుల్లో ఆయన కారు కూడా నడిపేవారు. రహదారి మీద లారీలు పెరిగాక స్కూటీ మానేశారు. దానితో ఆమె ప్రయాణాలన్నీ మా సెలవు రోజుల మీద ఆధారపడ్డాయి. ఆమె ఫిర్యాదు చేయలేదు. ఊరికి వెళ్లడమే తగ్గించుకున్నారు.

కారు కొందామనుకున్నప్పుడు మా ముగ్గురికీ మూడు అభిప్రాయాలు. దమ్మామ్ నుంచి తమ్ముడు ఆటోమేటిక్ ఉండాలన్నాడు. ఒకరం తెలుపు రంగైతే తిరిగి అమ్మడం తేలికన్నాము. ఇంకొకరం ఎత్తైన బండి కావాలన్నాము. అమ్మీ అంతా విని, ‘మీకు నచ్చిన బండి కొంటే మీరే నడుపుకోండి. నాకు గేరు మార్చడం ఇష్టం. ఎర్ర రంగు ఇష్టం. ఈ రెండూ ఎవరూ అడగలేదు’ అన్నారు. ఆ మాటతో చర్చ దిశ మారింది. భద్రత విషయంలో మా పట్టు, మిగతా అన్నింటిలో ఆమె ఇష్టం అని ఒప్పందం కుదిరింది.

కొంపల్లి, సుచిత్ర, బోయినపల్లి వరకు పాత కార్ల దుకాణాలు తిరిగాము. ఒకచోట మెరిసిపోతున్న కారు మీటరు 38 వేల కిలోమీటర్లు చూపింది. కాని క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంది, స్టీరింగు చర్మం మెరుస్తోంది. రిజిస్ట్రేషన్ నంబరుతో సర్వీసు వివరాలు కనుక్కుంటే రెండేళ్ల క్రితమే ఆ బండి 90 వేలు దాటిందని తేలింది. అమ్మకందారు దానికి సంజాయిషీ ఇవ్వలేదు, నవ్వి ఊరుకున్నాడు. మేమూ సలాం చెప్పి వచ్చేశాము. సరుకులోని లోపాన్ని కొనుగోలుదారునికి తెలియజేయడం విక్రేత ధర్మమని, దాచి అమ్మిన లాభంలో శుభం ఉండదని దైవప్రవక్త (స) బోధనల సారం. పాత కార్ల వ్యాపారంలో ఉన్న మన సోదరులు దీన్ని ప్రత్యేకంగా ఆలోచించాలి.

చివరికి రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్న ఎర్ర బ్రియో ఒకటి, మొదటి యజమాని నుంచే నేరుగా దొరికింది. అమ్మీ వ్యాగన్ ఆర్, ఆల్టో కె10 కూడా నడిపి చూసి, బ్రియో దిగాక మాత్రం తాళంచెవి వెంటనే తిరిగి ఇవ్వలేదు. మాకు సమాధానం దొరికింది.

కొనేముందు చూడవలసినవి

ఉదయం ఇంజిను చల్లగా ఉన్నప్పుడే వెళ్లాలి. మనం రాకముందే వేడి చేసి ఉంచితే స్టార్టింగు లోపం బయటపడదు. పొగ నీలంగా వస్తే ఇంజిను ఆయిలు తాగుతోందని, ఇంజిను వేడెక్కిన తరువాత కూడా తెల్లగా దట్టంగా వస్తే కూలెంటు లోపలికి పోతోందని అనుమానించాలి. ఆయిలు మూత తీసి చూస్తే అడుగున మీగడలాంటి పదార్థం ఉండకూడదు.

బానెట్ ఎత్తి లోపలి అంచుల బోల్టులను గమనించాలి. వాటి రంగు చెదిరి ఉంటే ఆ భాగం విప్పి బిగించారన్నమాట. తలుపు రబ్బరు లాగి పిల్లర్ల వెల్డింగు చుక్కలను చూడాలి. కంపెనీ వేసినవి సమానంగా ఉంటాయి. తివాచీ ఎత్తి వాసన చూడాలి. బురద, తుప్పు, ముక్కిన వాసన ఉంటే అది వరదలో మునిగిన బండి కావచ్చు. 2020 అక్టోబరు వరదలు చూసిన హైదరాబాద్‌లో ఈ పరీక్ష తప్పనిసరి.

టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. నాలుగు టైర్లూ వేర్వేరు సంవత్సరాలవైతే కారణం అడగాలి. పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలుస్తున్న ఈ రోజుల్లో, పాత కార్లలో ఇంధన గొట్టాలను మెకానిక్‌తో తప్పక చూపించాలి. మెకానిక్ మనవాడై ఉండాలి, అమ్మకందారు చూపినవాడు కాదు. అతనికిచ్చే వెయ్యి, రెండు వేలు ఈ బేరం మొత్తంలో అత్యంత సద్వినియోగమైన ఖర్చు.

అన్నిటికంటే ముఖ్యంగా, నడపబోయే వ్యక్తి చేతనే నడిపించాలి. తల్లి లేదా తండ్రి సీటులో కూర్చుని, పదిసార్లు ఎక్కి దిగి, వెనక్కి తీసి, నాలుగు స్పీడ్ బ్రేకర్లు దాటాలి. మెడ తిప్పి చూడటానికి కష్టంగా ఉంటే పార్కింగు సెన్సర్లు పెట్టించవచ్చు. అద్దం చిన్నదిగా ఉంటే పెద్దది వేయించవచ్చు. సీటే నొప్పి పుట్టిస్తే ఆ కారు వదిలేయాలి.

కాగితాలు పూర్తికానిదే కారు మనది కాదు

డబ్బు చెల్లించి తాళం తీసుకున్నంత మాత్రాన యాజమాన్యం మారదు. ఆర్‌సీలో పేరు మారాలి. అమ్మినవారు ఫారం 29, ఇరువురూ ఫారం 30 మీద సంతకాలు చేయాలి. ఫైనాన్స్ ఉన్న బండి అయితే అప్పు తీరిందన్న ఫారం 35 తీసుకోవాలి. ఇతర రాష్ట్రపు కారైతే ఎన్‌వోసీతోపాటు ఇక్కడి లైఫ్ ట్యాక్స్ లెక్క కూడా ముందే తేల్చుకోవాలి. పెండింగు చలానాలు ఎన్ని ఉన్నాయో కొనేముందే ఆన్‌లైన్‌లో చూడవచ్చు. మేడ్చల్ పరిధి బండ్లకు టీఎస్ 08, 2024 మార్చి తరువాతి వాటికి టీజీ 08 సంఖ్య ఉంటుంది. రాష్ట్ర విభజనకు ముందు ఇక్కడ నమోదైన ఏపీ నంబరు బండ్లు కూడా చెల్లుతాయి. కంగారు పడనక్కరలేదు.

ఆర్‌సీలో ఎవరి పేరుంటే ప్రమాద బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక అమ్మినవారికీ ఈ బదిలీ అంతే ముఖ్యం. ఇన్సూరెన్సు పాలసీని పద్నాలుగు రోజుల్లోగా కొత్త యజమాని పేరుకు మార్పించుకోవాలి. పాత యజమానికి ఉన్న నో క్లెయిమ్ బోనస్ మనకు రాదు, ఆయనతోనే వెళుతుంది. థర్డ్ పార్టీ బీమా లేకుండా రోడ్డెక్కడం చట్టవిరుద్ధం. మన బండి వల్ల గాయపడేవారి హక్కు కూడా దానితో ముడిపడి ఉంది.

లైసెన్సు సంగతి మరువరాదు. యాభై ఐదేళ్లు దాటిన వారికి పునరుద్ధరించిన లైసెన్సు ఐదేళ్లే చెల్లుతుంది. నలభై దాటితే వైద్యుడు ఇచ్చే ఫారం 1ఏ కావాలి. దీన్ని తంతుగా భావించకుండా కంటి శుక్లాలను, వినికిడిని, చక్కెర స్థాయిని నిజంగా పరీక్షించుకునే అవకాశంగా తీసుకోవాలి. నడపలేని స్థితి వచ్చిన రోజున ఆ మాటను మృదువుగా చెప్పవలసిన బాధ్యత కూడా బిడ్డలదే. ఆ రోజు వరకు తాళం వారి చేతిలోనే ఉండాలి.

ఎవరి పేరున, ఎవరి కోసం?

చివరగా ఒక సున్నితమైన విషయం. తల్లిదండ్రుల కోసమని కొన్న కారును కొడుకు తన పేరున రాయించుకుని, రోజూ ఆఫీసుకు తానే తీసుకెళ్లడం మనం చూస్తూనే ఉన్నాము. అది కానుక కాదు, తన సౌకర్యానికి పెట్టిన అందమైన పేరు. ఇచ్చినది ఇచ్చినట్టే ఉండాలి. ఆర్‌సీ వారి పేరున ఉండాలి. బండి మీద గీత పడితే గొంతు పెరగకూడదు. ‘మేము కొనిపెట్టాము’ అన్న మాట బంధువుల ముందు రాకూడదు. చేసిన మేలును ఎత్తిపొడిస్తే ఆ మేలు నశిస్తుందన్నది మన ధర్మం నేర్పిన మొదటి పాఠాల్లో ఒకటి.

ఒకరు ఎక్కువ వేసుకున్నా, ఒకరు ఏమీ వేసుకోలేకపోయినా తల్లి కారులో అందరికీ సమానమైన చోటుండాలి. డబ్బు ఇవ్వలేని బిడ్డ టైర్లలో గాలి చూడవచ్చు, నెలకొకసారి కడిగి తుడవవచ్చు, సర్వీసుకు తీసుకెళ్లి తేవచ్చు. అదీ సేవే.

మన పెద్దలు తమ యౌవనాన్ని మన బడి ఫీజుల్లో, మన పెళ్లిళ్లలో ఖర్చు చేశారు. వారికి ఇష్టమైన రంగేదో మనలో ఎందరికి తెలుసు? ఈ వారం ఒకసారి అడిగి చూడండి. సమాధానం కారే కానక్కరలేదు. కుట్టు మిషను కావచ్చు, పెరటి మొక్కలు కావచ్చు, చిన్ననాటి స్నేహితురాలి ఊరికి ఒక ప్రయాణం కావచ్చు. ఏదైనా సరే, స్తోమతు మేరకు, ధర్మసమ్మతంగా, ఆలస్యం చేయకుండా నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక.